వరదలో మునిగిన కారు: సెల్ఫ్ కొట్టే ముందు ఏం చేయాలి, సెకండ్ హ్యాండ్‌లో ఎలా పట్టుకోవాలి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, ఒంగోలు వైపు వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: "కారు నీళ్లలో ఉంది, నీళ్లు తగ్గాక స్టార్ట్ చేసి చూడొచ్చా?" రెండు మూడు నెలలు గడిచాక ఇంకో రకం ప్రశ్న మొదలవుతుంది: "మంచి రేటుకి కారు వస్తోంది, మునిగిన బండి కాదని ఎలా తెలుస్తుంది?"

రెండింటికీ ఇక్కడ వరుసగా చెబుతున్నాను. సొంత కారు మునిగినవాళ్లు 1వ మెట్టు నుంచి మొదలుపెట్టండి. కొనబోయేవాళ్లు 9 నుంచి చదవవచ్చు. కానీ 2, 7 కూడా చూసి వెళితే బండి దగ్గర నిలబడినప్పుడు ఏం వెతకాలో బాగా అర్థమవుతుంది.

మునిగిన కారుకి నీళ్లు చేసే నష్టం కొంత. నీళ్లు తగ్గాక తొందరపడి మనం చేసే నష్టం చాలాసార్లు అంతకన్నా పెద్దది. కింది మెట్ల వరుస అంతా ఆ తొందరను ఆపడానికే.

## 1. మొదటి గంట: తాళం జోలికి వెళ్లొద్దు

ఇంజిన్ గాలిని పీల్చి, సిలిండరులో నొక్కి పనిచేస్తుంది. గాలి నొక్కితే అణుగుతుంది. నీరు అణగదు. సిలిండరులో నీరున్నప్పుడు సెల్ఫ్ కొడితే పైకి వచ్చే పిస్టన్ ఆ నీటికి తగిలి ఆగిపోతుంది, దాన్ని పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇక ఇంజిన్ విప్పాల్సిందే. డీజిల్ బండ్లలో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి "లైట్లు వెలుగుతున్నాయా" అని చూడటం కూడా తప్పే. తడి కప్లర్లలోకి, అంటే వైర్లు కలిసే ప్లగ్గుల్లోకి, కరెంటు వెళ్తే షార్టవుతుంది, రాగి పిన్నులు త్వరగా చిలుము పట్టి పాడవుతాయి. పుష్ బటన్ బండి అయితే స్మార్ట్ కీని ఇంట్లో దూరంగా పెట్టండి. పిల్లలు ఎక్కి బటన్ నొక్కితే అయిపోయినట్టే.

నడుస్తుండగా నీళ్లలో ఆగిపోయిన కారు సంగతి వేరు. నెల్లూరులో మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు దగ్గరి అండర్ బ్రిడ్జిల్లో గట్టి వాన పడితే ఏమవుతుందో ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. అక్కడ ఆగిపోతే చేయాల్సినవి ఇవి:

- వెంటనే కిటికీ అద్దాలు దించండి. నీరు పెరిగాక పవర్ విండోలు పనిచేస్తాయన్న నమ్మకం లేదు.
- ముందు మనుషులు దిగాలి. కారు సంగతి తరువాత.
- తలుపు తెరుచుకోక, అద్దం దిగకపోతే పక్క అద్దం మూల దగ్గర గట్టిగా కొట్టండి. ముందు అద్దం పగిలినా ఊడిరాదు, దానితో కుస్తీ పట్టొద్దు.
- రెండోసారి సెల్ఫ్ కొట్టొద్దు. న్యూట్రల్‌లో పెట్టి తోయించండి.
- ఆటోమేటిక్, ఎలక్ట్రిక్ బండ్లను తాడు కట్టి లాగించొద్దు. నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ రికవరీ వ్యాన్ పిలవండి.

సీఎన్‌జీ కిట్ ఉంటే సిలిండరు వాల్వు కట్టేయండి.

## 2. మూడు విషయాలు రాసుకోండి: ఎంత ఎత్తు, ఎలాంటి నీరు, ఎంతసేపు

మెకానిక్ అయినా, ఇన్సూరెన్స్ తరఫున నష్టం చూసే సర్వేయరు అయినా చివరికి అడిగేది ఈ మూడే. నీళ్లు తగ్గగానే బండి మీద బురద గీత కనిపిస్తుంది. కడిగితే పోతుంది కాబట్టి ముందే చూసి పెట్టుకోవాలి.

ఎత్తు. నీరు తలుపు కింది అంచు దాటకపోతే బతికిపోయినట్టే. బ్రేకులు, వీల్ బేరింగులు, కింది భాగం శుభ్రం చేయిస్తే సరిపోతుంది. లోపలి మ్యాటింగ్ తడిసి సీటు కింది దాకా వస్తే పని పెరుగుతుంది. ఎందుకంటే సీట్ల కింద కప్లర్లు, గేరు రాడ్డు దగ్గర కన్సోల్ కింద ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలు ఉంటాయి. సీటు కుషన్ దాటి డ్యాష్‌బోర్డు అందుకుంటే ఫ్యూజ్ బాక్సు, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు), మీటరు అన్నీ తడిసినట్టే. నా లెక్కలో అలాంటి కారును బాగుచేయించడం కన్నా ఇన్సూరెన్స్ వారికి అప్పగించడం మేలు.

ఇంజిన్‌కి మాత్రం వేరే కొలత ఉంది. బోనెట్ కింద ఎయిర్ ఫిల్టర్ గొట్టం నోరు ఎక్కడుందో చూడండి. చాలా బండ్లలో హెడ్‌లైటు వెనకో, గ్రిల్ పైభాగంలోనో ఉంటుంది. నీరు ఆ నోటి దాకా వచ్చిందా లేదా అన్నది అసలు ప్రశ్న. ఆగి ఉన్న కారు ఇంజిన్ నీటిని పీల్చదు. నడుస్తున్న కారు దారిలో ఎగిసిన నీటిని కూడా పీల్చేస్తుంది.

ఎలాంటి నీరు. మన దగ్గర ఇది చాలా ముఖ్యం, చాలామంది పట్టించుకోరు. వాన నీరు వేరు, ఒంగోలులో పోతురాజు కాలువ పొంగితే కాలనీల్లోకి వచ్చే మురికి నీరు వేరు, పెన్నా ఒండ్రు వేరు. అన్నింటికన్నా చెడ్డది ఉప్పు నీరు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపూ, ప్రకాశంలో కొత్తపట్నం, సింగరాయకొండ తీరంలోనూ రొయ్యల గుంటలు తెగితే వచ్చేది ఉప్పు కలిసిన నీరే. అది ఆరాక లోహం మీద తెల్లటి పూతలా మిగులుతుంది. ఇనుమును, రాగి పిన్నులను మంచినీటి కన్నా ఎంతో త్వరగా తినేస్తుంది.

ఉప్పు నీటిలో మునిగిన కారుకి చేయాల్సిన మొదటి పని వింతగా అనిపిస్తుంది: మళ్లీ నీళ్లు పోయడం. ఫొటోలు తీసి, బ్యాటరీ విప్పాక, కింది భాగాన్ని, చక్రాల లోపలి వైపును, లోపలి ఫ్లోరును ధారాళంగా మంచినీటితో కడగాలి. ఉప్పు అలాగే ఉండి ఆరితే తుప్పు ఆగదు.

ఎంతసేపు. గంట తడిసినదానికీ రెండు రోజులు నానినదానికీ పోలిక లేదు. తెలిసినంతలో సమయాలు రాసిపెట్టండి.

## 3. కడిగే ముందు ఫొటోలు, ఇన్సూరెన్స్‌కి ఫోను

ఇంటి ముందు బురద బండి చూస్తే చేయి ఊరుకోదు, పైపు పట్టుకోవాలనిపిస్తుంది. ఆగండి. ముందు ఇవి తీయండి:

- నంబరు ప్లేటు కనిపించేలా నాలుగు వైపులా ఫొటోలు
- బయటా లోపలా బురద గీత, పక్కన స్కేలో టేపో పెట్టి
- నీళ్లలో ఉండగా తీసినవి ఉంటే అవి, పక్కింటి సీసీ కెమెరా రికార్డు ఉంటే అది కూడా
- మీటరులో కిలోమీటర్లు. ఇగ్నిషన్ ఆన్ చేసి కాదు, పాత సర్వీసు బిల్లు నుంచి
- తీసిన తేదీ, చోటు కనిపించేలా ఒక వీడియో

తరువాత పాలసీ తీయండి. ఎదుటివాళ్ల నష్టానికే వర్తించే థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే వరద నష్టానికి రూపాయి రాదు. మీ బండి నష్టానికి వర్తించే కాంప్రిహెన్సివ్ గానీ, విడిగా ఓన్ డ్యామేజ్ గానీ ఉండాలి. అది ఉన్నా, మునిగిన బండిని స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పాడైతే ఆ భాగాన్ని "తదుపరి నష్టం" కింద తోసిపుచ్చుతారు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ ఉన్నవాళ్లకు ఇక్కడ కొంత ఊరట. ఈ యాడ్ ఆన్‌ను పాలసీ తీసుకునేటప్పుడో రెన్యువల్‌లోనో కలుపుకోవాలి, తుపాను హెచ్చరిక వచ్చాక అడిగితే ఇవ్వరు. బండి పాతబడితే అసలు ఇవ్వని కంపెనీలూ ఉన్నాయి.

కస్టమర్ కేర్‌కి ఫోను చేసి క్లెయిము నంబరు తీసుకోండి. "స్టార్ట్ చేశారా?" అని తప్పక అడుగుతారు. చేయకపోతే చేయలేదని చెప్పండి, చేసి ఉంటే దాచొద్దు. ఇంజిన్ విప్పాక అది ఎలాగూ తెలుస్తుంది. సర్వేయరు చూడకముందు ఏ భాగమూ విప్పి పారేయొద్దు.

## 4. బ్యాటరీ విప్పడం

బోనెట్ తెరిచే ముందు ఒక కర్రతో చుట్టూ తట్టండి. వరద తరువాత పాములు, తేళ్లు వెచ్చగా ఉంటుందని బోనెట్ కింద, సీట్ల కింద చేరతాయి. రబ్బరు బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి. కాలువ నీరు కలిసిన బురదను ఉత్త చేతులతో ముట్టుకోవద్దు.

బ్యాటరీ ఇంకా నీళ్లలో ఉంటే ఆగండి. నీరు దిగాక 10 నంబరు పానాతో ముందు నెగటివ్ వైరు, తరువాత పాజిటివ్ విప్పండి. రెండు కొనలూ మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టండి. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో కొంత కరెంటు మిగిలి ఉంటుంది కాబట్టి సీట్ల జోలికి వెళ్లేముందు పది నిమిషాలు ఆగండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండి అయితే ఇక్కడితో మీ పని అయిపోయింది. నారింజ రంగు కేబుళ్లు ముట్టుకోవద్దు, చార్జింగ్ పెట్టొద్దు. ఉప్పు నీరు తాకిన లిథియం బ్యాటరీ రోజుల తరువాత కూడా అంటుకోవచ్చు. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో తుపాను తరువాత అలాగే జరిగింది. బండిని ఇంటికీ మిగతా బండ్లకూ కనీసం 15 మీటర్ల దూరంలో, ఆరుబయట ఉంచి కంపెనీ వాళ్లను పిలవండి.

## 5. లోపల ఆరబెట్టడం, ఓపిక కావాల్సిన పని

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మ్యాటింగ్ మీద పొడి గుడ్డ వేసి తుడిచి, రెండు రోజులు ఎండలో అద్దాలు దించి పెట్టి "ఆరిపోయింది" అనుకుంటారు. పైన ఆరుతుంది. మ్యాటింగ్ కింద అంగుళం మందాన ఫెల్టో, ఫోమో ఉంటుంది. అది నీటిని పీల్చుకుని వారాల తరబడి తడిగానే ఉంటుంది. దాని కిందనే వైరింగ్ వెళ్తుంది. రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది, ఆ వాసన తరువాత ఏ సెంటుకీ పోదు.

వరుస ఇది:

1. సీట్లు విప్పండి. ఒక్కోదానికి సాధారణంగా నాలుగు బోల్టులు. సీటు కింద పసుపు రంగు కప్లర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, తెలియకపోతే మెకానిక్‌తోనే విప్పించండి.
2. తలుపు గడపల ప్లాస్టిక్ పట్టీలు, కన్సోల్ తీసి మ్యాటింగ్ మొత్తం బయటికి లాగండి.
3. ఫ్లోరులో రబ్బరు బిరడాలు ఉంటాయి. వాటిని తీస్తే నిలిచిన నీరు కిందికి పోతుంది.
4. డిక్కీలో స్టెప్నీ గుంట, పక్కల అరలు మర్చిపోవద్దు. ఒండ్రు ఎక్కువగా మిగిలేది అక్కడే.
5. డోర్ ట్రిమ్ములు విప్పండి. తలుపుల అడుగున నీరు కారే రంధ్రాలు బురదతో మూసుకుపోతాయి, సన్నటి తీగతో తెరవండి.
6. మంచినీరు, తేలికపాటి షాంపూతో కడిగాకే ఆరబెట్టండి. మురుగు ఆరితే వాసన అందులోనే ఉండిపోతుంది.
7. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి మామూలు నీళ్లతో కడగండి. బెల్టు చుట్టుకునే యంత్రం మునిగితే మార్పించాల్సిందే.
8. ఏసీ క్యాబిన్ ఫిల్టర్ పారేయండి, బ్లోయర్ మోటారు విప్పి చూపించండి.

నవంబరులో మన ఎండను నమ్ముకుంటే పని జరగదు. గాలిలోనే తేమ ఉంటుంది. ఇంట్లో ఉన్న పెడస్టల్ ఫ్యాను తలుపు దగ్గర పెట్టి, ఎదురు తలుపు తెరిచి, గాలి ఒకవైపు నుంచి ఇంకో వైపుకి పోయేలా రాత్రింబవళ్లు తిప్పండి. సీట్లు, మ్యాటింగ్ విడిగా నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. మురుగు నీరు పీల్చిన సీటు ఫోమును, ఫెల్టును ఆరబెట్టడం దండగ, కొత్తవి వేయించండి. ఇన్సూరెన్స్ ఉంటే అంచనా బిల్లులో వాటిని చేర్చమని అడగండి. అడగకపోతే చాలా షెడ్లలో కడిగి మళ్లీ వేసేస్తారు.

ఆరిందో లేదో చూడటానికి: ఫెల్టు మీద టిష్యూ కాగితం పెట్టి బరువు ఉంచి అరగంట వదిలేయండి. కాగితం చల్లగా, మెత్తగా వస్తే ఇంకా ఆరలేదు.

## 6. ఇంజిన్, గేరుబాక్సు, బ్రేకులు

ఇది మెకానిక్ పని. కానీ పక్కన నిలబడి ఏం చేస్తున్నాడో తెలుసుకోవడం మీ పని. అన్నీ ఒకేసారి మునిగిన వారంలో షెడ్లలో రద్దీ ఉంటుంది, అడ్డదారులు తొక్కుతారు.

స్టార్ట్ చేసే ముందు

- ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరవాలి. ఫిల్టర్ తడిగా ఉంటే ఇంజిన్‌లోకి నీరు వెళ్లిందనే లెక్క.
- ఆయిల్ గేజ్ తీయాలి. మట్టం పెరిగినా, ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉన్నా నీరు కలిసినట్టే.
- అనుమానం ఉంటే పెట్రోలు బండిలో స్పార్క్ ప్లగ్గులు, డీజిల్‌లో గ్లో ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు తీసి, క్రాంక్ పుల్లీని పానాతో చేత్తో తిప్పించాలి. నీరు ఉంటే ఆ రంధ్రాల నుంచి బయటికి వస్తుంది. చేత్తో తిరగకపోతే సెల్ఫ్ అసలు కొట్టొద్దు.
- ఆయిలు, ఆయిల్ ఫిల్టర్ మార్చాలి. ఇంధనం ట్యాంకులో నీరు చేరిందేమో చూసి, చేరితే ఖాళీ చేయించాలి. డీజిల్ ఫిల్టర్ కింద నీరు వేరుచేసే మర ఉంటుంది, దాన్ని విప్పాలి.

స్టార్ట్ అయ్యాక

కాసేపు ఐడిల్‌లో నడిపి, ఆపి, ఆ ఆయిల్‌ను కూడా మార్చేయండి. రెండోసారి ఎందుకని మెకానిక్ అంటాడు. మొదటి ఆయిల్ మూలల్లో మిగిలిన తేమను తీసుకుని వస్తుంది, అందుకు.

ఇంజిన్ తిరిగింది కదా అని పని అయిపోయినట్టు సంతకం పెట్టేయకండి. రాడ్డు కొద్దిగా వంగినా ఇంజిన్ నడుస్తుంది, కాకపోతే వణుకుతుంది, కొన్నాళ్లకు బద్దలవుతుంది. అన్ని సిలిండర్లకూ కంప్రెషన్ టెస్టు చేయించి, రీడింగులు కాగితం మీద రాయించుకోండి. ఒకటి మిగతావాటికన్నా బాగా తక్కువుంటే ఇంజిన్ విప్పి చూడాలి.

గేరుబాక్సుకు గాలి రంధ్రం ఉంటుంది, అక్కడి నుంచి నీరు లోపలికి పోతుంది. మాన్యువల్ అయితే ఆయిల్ మార్పుతో సరిపోవచ్చు. ఆటోమేటిక్‌లో నీరు చేరితే ఖర్చు భారీ, సర్వేయరుకి ముందే చూపించండి.

బ్రేకు డ్రమ్ములు విప్పి బురద తీయాలి, ప్యాడ్లు చూడాలి, బ్రేకు ఆయిల్ పూర్తిగా మార్చాలి. ఆరే రోజుల్లో హ్యాండ్ బ్రేకు వేసి ఉంచొద్దు, తుప్పుతో పట్టేస్తుంది. గేరులో పెట్టి చక్రానికి ఇటుక అడ్డం పెట్టండి. సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్, వీల్ బేరింగులు విప్పి శుభ్రం చేయమనండి. ఈ మూడూ నెలా రెండు నెలలకు ఒక్కొక్కటిగా పోతుంటాయి.

## 7. కరెంటు సంగతి: ఆలస్యంగా బయటపడేది

ఇంజిన్ బాగైతే కారు బాగైనట్టు అనుకుంటారు. నిజానికి మునిగిన బండిని నెలల తరబడి సతాయించేది వైరింగే. కప్లర్ లోపల చుక్క నీరు మిగిలినా పిన్ను మీద ఆకుపచ్చ పొడి పెరుగుతుంది. సంక్రాంతికి బాగానే తిరిగిన కారు ఎండాకాలంలో ఉన్నట్టుండి పవర్ స్టీరింగు బిగుసుకుందంటుంది, ఒక రోజు సెంట్రల్ లాకు తనంతట తాను పడుతుంది. షాపు షాపుకీ తిరిగినా కారణం దొరకదు.

- తడిసిన ఎత్తు వరకు ఉన్న ప్రతి కప్లరూ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, ఆరాక బిగించాలి. ప్రెషర్ వాటర్ కొట్టించొద్దు.
- ఫ్యూజ్ బాక్సు వెనక వైపు చూడాలి. ముందు వైపు శుభ్రంగా కనిపించి మోసం చేస్తుంది.
- ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలు మునిగితే శుభ్రం చేయించడం కాదు, మార్పించాలి. అవసరమైనప్పుడు తెరుచుకోకపోవడం ఒక ప్రమాదం, అవసరం లేనప్పుడు తెరుచుకోవడం ఇంకో ప్రమాదం.
- ఉప్పు నీటిలో మునిగిన ఈసీఎంను ఆరబెట్టి వాడటం మీద నాకు నమ్మకం లేదు.
- పని అయ్యాక బండి కంప్యూటర్లలోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించి రిపోర్టు తీసుకోండి. నెల తరువాత మరోసారి పెట్టించండి. రెండోసారి వచ్చే కోడ్‌లే అసలైనవి.

## 8. బాగుచేయించాలా, టోటల్ లాసా?

మరమ్మతు అంచనా ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద, అంటే బండి మొత్తం పోయినట్టే లెక్క. ఐడీవీ అంటే పాలసీలో రాసిన బండి విలువ. అంచనా ఆ గీత దగ్గర్లో ఉంటే కొన్నిచోట్ల కొన్ని భాగాలు తగ్గించి "రిపేరే చేద్దాం" అంటారు. డ్యాష్‌బోర్డు దాకా మునిగిన బండికి అలా ఒప్పుకోవద్దు. మార్చాల్సిన ప్రతి భాగమూ అంచనాలో ఉందో లేదో 5, 6, 7 మెట్లు పక్కన పెట్టుకుని సరిచూడండి.

జీరో డెప్ (భాగాల తరుగు కోయకుండా ఇచ్చే యాడ్ ఆన్) లేకపోతే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, బ్యాటరీల్లో సగం మీరే కట్టాలి. క్లెయిములో మీరే భరించాల్సిన తప్పనిసరి కోత 1500 సీసీ లోపు బండికి 1000 రూపాయలు, పైన 2000. క్లెయిము తీసుకుంటే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది; చిన్న నష్టానికి క్లెయిము పెట్టే ముందు లెక్క వేసుకోండి.

అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. నెల దాటినా జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది, ఫీజు లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ హెల్ప్‌లైను 155255.

టోటల్ లాస్ తీసుకున్నవాళ్లు ఒకటి మర్చిపోతారు. డబ్బు వచ్చాక బండిని స్క్రాపు కొనేవాళ్లు తీసుకెళ్తారు, ఆర్‌సీ మాత్రం మీ పేరునే ఉంటుంది. రేపు ఆ బండి ఎక్కడో బాగై, రోడ్డెక్కి, ప్రమాదం చేస్తే నోటీసు మీకే వస్తుంది. పేరు మారిందో, రిజిస్ట్రేషన్ రద్దయిందో ప్రభుత్వ వాహన వివరాల యాప్ ఎంపరివాహన్‌లో చూసేదాకా వదలొద్దు.

## 9. కొనేవాళ్లకు: బండి చూడకముందే కాగితాలు

అలా స్క్రాపుకి వెళ్లిన బండ్లలో కొన్ని మెరిసిపోతూ మార్కెట్లోకి తిరిగొస్తాయి. ఈ బండి మునిగిందని ఆర్‌సీ మీద ఎక్కడా రాసి ఉండదు. మన జిల్లాలకు రెండు పక్కలా ముంపు చూసిన పెద్ద ఊళ్లున్నాయి: 2015, 2023 డిసెంబరుల్లో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన విజయవాడ. మన దగ్గరే 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగింది. ఆ ఊళ్ల నుంచి వచ్చే ప్రతి బండీ మునిగిందని కాదు, గట్టిగా అడగాలి అంతే.

ఏపీ 26 అంటే నెల్లూరు, ఏపీ 27 అంటే ప్రకాశం అని నంబరు చూసి చెప్పే రోజులు పోయాయి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39తో మొదలైన ఒకే సిరీస్ నడుస్తోంది. ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి ఏ ఆర్టీఓ ఆఫీసులో రిజిస్టరయిందో చూడండి. తమిళనాడు బండి అయితే ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అక్కడి ఆర్టీఓ ఇచ్చే అనుమతి) ఏ తేదీన తీశారో చూడండి. వరద అయిన కొద్ది నెలలకే తీసి ఉంటే ఎందుకు అమ్మారో అడగండి.

అన్నింటికన్నా నాకు పనికొచ్చే కాగితం పాత ఇన్సూరెన్స్ పాలసీ. క్లెయిము లేకుండా సాగితే నో క్లెయిమ్ బోనస్ మొదటి రెన్యువల్‌కి 20 శాతం, ఆ తరువాత వరుసగా 25, 35, 45, 50. ఒకే యజమాని దగ్గర నాలుగైదేళ్లుగా ఉన్న బండికి సున్నా కనిపిస్తే క్రితం ఏడాది క్లెయిము జరిగిందనే అనుకోవాలి. ఏ క్లెయిమో కాగితం చూపించమనండి. బోనస్ బండిది కాదు, యజమానిది. కాబట్టి ఈ మధ్యే చేతులు మారిన బండికి సున్నా ఉండటం మామూలే.

షోరూం సర్వీసు చరిత్ర తీయించండి. క్రమంగా సర్వీసుకు వెళ్లిన బండి ఒక వరద నెల తరువాత షోరూం ముఖం చూడకపోతే అడగాల్సిన ప్రశ్న అదే.

## 10. బండి దగ్గర ఎక్కడెక్కడ చూడాలి

పగటిపూట వెళ్లండి. కారును ఎండలో, అద్దాలు మూసి, సెంటు సీసా తీసేసి అరగంట ఉంచమనండి. తలుపు తెరవగానే మొదట వచ్చే వాసన చూడండి. తడి గోనె వాసనైనా, ఊపిరాడనంత సెంటు వాసనైనా మంచి సూచన కాదు.

- సీటు బెల్టు చివరిదాకా లాగండి. లోపలి భాగంలో బురద గీత, రంగు తేడా ఉంటుంది. తుడిచేవాళ్లు ఇంత లోపలికి వెళ్లరు.
- సీటు కింద పట్టాలు, బోల్టుల మీద తుప్పు. బోల్టు తలల మీద పానా గీతలుంటే సీట్లు ఎందుకు విప్పారో అడగండి.
- పాత బండిలో సరికొత్త మ్యాటింగ్. మూల ఎత్తి కింద చేయి పెట్టండి.
- స్టెప్నీ గుంటలో, జాకీ పెట్టే చోట సన్నటి ఒండ్రు.
- హెడ్‌లైట్ల లోపల నీటి గీత, లేదా ఒక్క లైటే కొత్తది.
- ఫ్యూజ్ బాక్సు, డ్యాష్‌బోర్డు కింద కప్లర్లు టార్చితో చూడండి. ఆకుపచ్చ పొడి వెతకండి.
- ఆల్టర్నేటర్ సందుల్లో, రేడియేటర్ రెక్కల మధ్య ఎండిన బురద.
- కింద కొత్తగా కొట్టిన నల్ల రంగు. మంచిదే కావచ్చు, తుప్పు దాచడానికీ కావచ్చు.

ఇగ్నిషన్ ఆన్ చేసి మీటరు చూడండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ లైట్లు కొన్ని క్షణాలు వెలిగి, విడివిడిగా ఆరాలి. అసలు వెలగని లైటు, వెలిగి ఆరని లైటుకన్నా ప్రమాదం. వెలగకుండా ఎవరో చేశారన్నమాట. తరువాత అద్దాలు, తాళాలు, వైపరు, ఏసీ, హారన్, అన్ని స్పీకర్లు ఒకదాని తరువాత ఒకటి వేసి చూడండి. ఆఖరుగా మీ మెకానిక్‌తో స్కానర్ పెట్టించండి. మాడ్యూళ్ల మధ్య మాట తెగిందని చెప్పే కోడ్‌లు రెండు మూడు చోట్ల వస్తే బేరం ఆపేయండి. కోడ్‌లు ఈ మధ్యే తుడిచేసినట్టు చూపినా అంతే.

గుర్తు ఒక్కటే కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, వానలో అద్దం దించి మరిచినా మ్యాటింగ్ తడుస్తుంది. మూడు నాలుగు గుర్తులు ఒకే ఎత్తులో కనిపిస్తే అది వరదే.

## 11. తెలిసే కొంటుంటే

మ్యాటింగ్ ఎత్తు వరకు మంచినీటిలో తడిసి, విప్పి ఆరబెట్టిన పాత మోడల్ మాన్యువల్ బండి తక్కువ ధరకు వస్తే కొనొచ్చు. మరమ్మతు బిల్లులు, కంప్రెషన్ రీడింగులు చూపించగలగాలి. డ్యాష్‌బోర్డు దాకా మునిగినదైనా, ఉప్పు నీరు తాకినదైనా, ఆటోమేటిక్ అయినా, ఎలక్ట్రిక్ అయినా ఏ ధరకూ వద్దు.

సేల్ అగ్రిమెంటులో "ఈ వాహనం వరద నీటిలో మునగలేదు, మునిగినట్టు తేలితే సొమ్ము వాపసు ఇస్తాను" అన్న వాక్యం, లేదా తెలిసి కొంటుంటే ఎంత ఎత్తు మునిగిందో రాయించుకోండి. కన్సల్టెన్సీలో కొంటే అగ్రిమెంటు మధ్యవర్తితో కాకుండా ఆర్‌సీలో పేరున్న యజమానితో కుదుర్చుకోండి. పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు తీసుకోండి. మీరు పేరు మార్పుకి 30 రోజుల్లో, ఇన్సూరెన్స్ మార్పుకి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. పాలసీ మార్చేటప్పుడు కంపెనీ బండిని చూడటానికి మనిషిని పంపవచ్చు, స్కాన్ రిపోర్టు, ఫొటోలు అప్పటిదాకా జాగ్రత్తగా ఉంచండి.